పాత ఇంటి చెమ్మ: సిమెంటుకి తొందరపడకండి

నూరేళ్లు దాటిన రాతి ఇల్లు పొలంతో సహా కొన్నారు. గోడలు అడుగున చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి. మేస్త్రీ అంతా గీకేసి సిమెంటు పూస్తానంటున్నాడు, సరేననాలా అని కదా మీ ప్రశ్న? వద్దండీ.

ఆ వయసు ఇల్లంటే చాలావరకు సున్నంతో కట్టిందే. రాళ్ల సందులో గోరుతో గీకితే తెల్లగా, మెత్తగా పొడి రాలుతుంది చూడండి. సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, నీరు లోపలే పైకి ఎగబాకుతుంది. ఈ తప్పు నేనూ చేశాను. రెండేళ్లు గోడ నున్నగా మెరిసింది. మూడో ఏడు మోకాలి ఎత్తు మచ్చ నడుము దాకా వచ్చింది!

ముందు నీరు ఎటునుంచి వస్తోందో పట్టుకోండి. జోరుగా వాన పడేటప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూరు నీళ్లు గోడను తడుపుతున్నాయా? బయటి మట్టి లోపలి నేలకన్నా ఎత్తుగా ఉందా? ఉంటే తవ్వి తీసి, నేలను గోడకి దూరంగా వాలు చేయండి. సగం చెమ్మ అక్కడే తగ్గొచ్చు.

దూలాలు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. చెక్కలో తేమ 20 శాతం దాటితే ఆ భయం ఉంటుంది.

డబ్బు ముందు పైకప్పుకి, తర్వాత డ్రైనేజీకి పెట్టండి. గోడ బాగా ఆరాకే సున్నం పూత, దానికి నెలలు పట్టినా టెన్షన్ పడకండి. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే మాత్రం అనుమతి లేకుండా ఏదీ ముట్టుకోవద్దు. పొలం సంగతంటారా, హద్దులు కొలిపించి వదిలేయండి, అదెక్కడికీ పోదు.