మెకానికల్ చదువుతూ జపాన్ ప్రింట్ల వెంట పడ్డ నా అనుభవం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంజనీరింగ్ రెండో ఏడాది, బొమ్మలు గీయడం రాదు, జపనీస్ రాదు, అయినా జపాన్ చెక్క అచ్చు బొమ్మలంటే పిచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలి? నాదీ అచ్చం ఇదే కథ.

నేను మెకానికల్. చాలామందిలాగే జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ పెద్ద అల బొమ్మతోనే మొదలైంది, అదీ ఫోన్ వాల్‌పేపర్‌గా. దాని 'అర్థం' ఏమిటా అని చదవబోతే తల బరువెక్కడం తప్ప ఏమీ మిగల్లేదు. ఒకరోజు, చెక్కి సిద్ధం చేసిన చెక్క ఫోటో చూస్తున్నా. ఒక మూలన ఎల్ ఆకారంలో చిన్న గాడి, అదే అంచున కాస్త దూరంగా తిన్నని గాడి ఇంకొకటి. వీటిని కెంటో అంటారట. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క వాడినా, అన్నిటి మీదా ఈ గాళ్ళు ఒకే చోట ఉంటాయి. కాగితం మూల ఒకదానికి, అంచు రెండోదానికి ఆనిస్తే ఏ రంగు పడాల్సిన చోట ఆ రంగు పడుతుంది. వర్క్‌షాపులో జాబ్‌ని, అంటే పని చేయాల్సిన ముక్కని, ప్రతిసారీ ఒకే చోట నిలిపే ఫిక్స్చర్‌కి ఆనించడం కాక ఇదింకేమిటి! అప్పుడు ఎక్కింది నాకు.

ఆ ఉత్సాహంలో, చెక్కకి బదులు తేలిగ్గా చెక్కుకోగల లినోలియం షీటు కొని, రెండు రంగుల బొమ్మ ఒకటి చెక్కాను. కింద గొప్పగా నా పేరు కూడా. తీరా అచ్చు వేస్తే పేరు అద్దంలో చూసినట్టు తిరగబడింది, రెండో రంగు పక్కకి జరిగింది. ఆ పాత ప్రింట్లలో వెంట్రుకంత గీతలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అన్నట్టు అదంతా ఒక్కరి పని కాదు. గీసేవారు, చెక్కేవారు, అచ్చు వేసేవారు వేర్వేరు, పెట్టుబడి ప్రచురణకర్తది. మనకి గుర్తుండేది మాత్రం గీసినవారి పేరే, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

పరువు పోయిన సంగతి కూడా చెప్పాలి. కాలేజీ సెమినార్‌లో ఆ అల బొమ్మ చూపించి 'అచ్చమైన జపాన్ నీలం' అన్నాను. వెనక బెంచీలోంచి ఒక కెమిస్ట్రీ అమ్మాయి లేచి, అది ప్రష్యన్ బ్లూ అనీ, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగనీ చెప్పింది. నిజమే. జపాన్‌కి దిగుమతయ్యి, 1830 ప్రాంతంలో ప్రింట్లలో బాగా వాడుకలోకి వచ్చింది. పెద్ద అల వచ్చింది కూడా దాదాపు అప్పుడే, 1831 ప్రాంతంలో. అప్పటినుంచి 'అచ్చమైన' అనే మాట దగ్గర కాస్త ఆగుతున్నా.

జపనీస్ రాదని టెన్షన్ వద్దు, అది తర్వాత. ముందు ఒకే ప్రింటుకి నాలుగైదు ప్రతులు పక్కపక్కన పెట్టి చూడండి. న్యూయార్క్ మెట్ మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సైట్లలో పెద్ద సైజు ఫోటోలు ఉచితం. పెద్ద అలలో ఎడమవైపు పైన పేరు రాసిన పెట్టె ఉంటుంది, దాని గీతలు చూడండి. కొన్ని ప్రతుల్లో తెగిపోయి ఉంటాయి. అచ్చులు వేసీ వేసీ చెక్క అరిగిందన్నమాట. ఆకాశంలో లేత గులాబీ మబ్బు కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో వెలిసిపోయింది.

ఇంకొకటి, లినోలియం మీద పేరు చెక్కాలనుకుంటే ముందు తిరగేసి రాసుకోండి.