చలి పొద్దుట పికప్ వణుకుతోందా? పార్టులు మార్చే ముందు ఇవి చూడు

సందేహం: అన్నా, ఖమ్మం నుంచి మిన్నెసోటా వచ్చి ఏడాదయింది. ఈ మధ్యే ఒక పాత పికప్ కొన్నాను. పెట్రోల్ వీ8 ఇంజిన్, లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు నిమిషాలు బండంతా ఊగిపోతుంది, ఆగిపోతుందేమో అనిపిస్తుంది. వేడెక్కాక మామూలే. చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలిగింది. షాపులో ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ అన్నీ మార్చాలని 1,400 డాలర్లు చెప్పారు. మార్పించనా?

జవాబు: అప్పుడే వద్దు తమ్ముడూ. ‘వేడెక్కాక మామూలే’ అన్నావు చూడు, అసలు ఆధారం అదే. వేడికీ చలికీ మారే వస్తువులేవో వాటిని ముందు అనుమానించాలి. రబ్బరు గొట్టాలు, అతుకుల మధ్య గాలి పోకుండా పెట్టే గాస్కెట్లు, ఇంజిన్ వేడిని కొలిచే సెన్సార్ అలాంటివే.

చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. అందుకని బండిలోని కంప్యూటర్ మొదట్లో పెట్రోల్ ఎక్కువ పంపి, ఐడిల్‌ని, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరిగే వేగాన్ని, వెయ్యి ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) పైన పెడుతుంది. వేడెక్కాక 600, 700కి దించుతుంది. ఆ మొదటి నిమిషంలో గాలి, పెట్రోల్ పాళ్లు సరిగా ఉన్నాయో లేదో పొగని చూసి చెప్పే ఆక్సిజన్ సెన్సార్ ఇంకా పనిలోకి దిగదు. సరిగ్గా అప్పుడే ఏ సందులోంచో లెక్కలోకి రాని గాలి దూరితే దాన్ని సరిదిద్దుకునే దారి ఉండదు, ఇంజిన్ వణుకుతుంది. చలికి ముడుచుకున్న గాస్కెట్ వేడికి మళ్లీ సర్దుకుంటుంది కాబట్టి కాసేపటికి వణుకు పోతుంది.

నా బండికీ ఇదే జరిగింది. తెలియనితనంతో షాపువాళ్లు చెప్పిన కాయిల్స్, ప్లగ్గులు అన్నీ మార్పించాను. 900 డాలర్లు అయ్యాయి, మర్నాడు పొద్దున మళ్లీ అదే వణుకు. చివరికి ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ వెనకాల, చెయ్యి కష్టంగా దూరే చోట, ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇంటేక్‌లోకి పంపే పీసీవీ గొట్టం వంపు దగ్గర లీకు దొరికింది. బొటనవేలంత రబ్బరు ముక్క. పైనుంచి చూస్తే బాగానే ఉంది. నూనె ఆవిరికి నానినాని మెత్తబడింది. వంచి కింద వైపు టార్చ్ వేస్తే గోరంత చీలిక కనిపించింది. కొత్తది 15 డాలర్లు. ఆ రోజు పడ్డ బాధ నువ్వు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్‌లు చదివే ఒక స్కానర్ కొనుక్కో. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లకు, పికప్‌లకు డ్యాష్‌బోర్డ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. ఫోన్‌తో కలిసే చిన్న బ్లూటూత్ స్కానర్ 20, 30 డాలర్లకు వస్తుంది. పీ0171, పీ0174 కోడ్‌లు రెండూ కనిపిస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని అర్థం. అప్పుడు ఫ్యూయెల్ ట్రిమ్ అంకె చూడు, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో అది చెబుతుంది. ఐడిల్‌లో ప్లస్ 15, 20 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి దిగిపోతే ఎక్కడో గాలి లీకవుతోందని దాదాపు ఖాయం. దిగకపోతే ఫ్యూయెల్ ప్రెషర్ చూడాలి.

పీ0303 లాంటిది వస్తే మూడో సిలిండర్ సరిగా మండట్లేదని. ఇంజిన్ చల్లారాక ఆ కాయిల్‌ని ఐదో సిలిండర్ మీదికి మార్చి చూడు. తప్పు కూడా ఐదుకి వెళ్లి పీ0305 అయితే ఆ ఒక్క కాయిలే పాడైనట్టు. ఎనిమిదీ కొనక్కర్లేదు.

రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి రెండూ స్కానర్‌లో చదువు. ఇంచుమించు ఒకటే ఉండాలి. బయట 10 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే కూలెంట్ 80 చూపిస్తోందనుకో, సెన్సార్ అబద్ధం చెబుతోంది. ఇంజిన్ వేడిగా ఉందని నమ్మి కంప్యూటర్ పెట్రోల్ తగ్గించేస్తుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ నల్లగా మసి పట్టి ఉంటే దాని క్లీనర్‌తో తుడువు. ఆ క్లీనర్ మాత్రం వచ్చే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ మీద కొట్టకు, దానికి విడిగా క్లీనర్ ఉంది.

ఆయిల్ సంగతి. మనవైపు బైకులకు 20డబ్ల్యూ-40 పోసిన అలవాటుతో ఇక్కడ చిక్కటి ఆయిల్ పోయకు. బండి మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అనో 0డబ్ల్యూ-20 అనో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగడం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తుంటే బండి నడపకు. మండని పెట్రోల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది. కూలెంట్ తగ్గిపోతూ, వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు.

ఇంకో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకు. బయట చలి అని గరాజ్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఉంచకు, తలుపు తెరిచే ఉంది కదా అనుకున్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. పరీక్షలన్నీ బండిని బయటికి తీశాకే.

లీకు ఎక్కడో దొరక్కపోతే షాపుకెళ్లి స్మోక్ టెస్ట్ చేయమని అడుగు. ఇంటేక్‌లోకి పొగ పంపితే చీలిక ఉన్న చోట బయటికొస్తుంది. టెస్టుకి ఎంత అవుతుందో ముందే రాయించుకో, అడక్కుండా పార్టులు మార్చొద్దని చెప్పు. అలా అడగడం ఇక్కడ మామూలే, మొహమాటపడకు.

రేపు పొద్దున స్టార్ట్ చేసేముందు ఆ రెండు ఉష్ణోగ్రతలు, స్టార్ట్ చేశాక కోడ్, ఫ్యూయెల్ ట్రిమ్ అంకెలు కాగితం మీద రాసి నాకు పంపు. చూసి చెప్తాను.