పోడు భూమిని బీడు వదిలితే హక్కు పోతుందా?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు ప్రాంతంలోని గిరిజన గ్రామం. తాతల నాటి నుంచి నాలుగు ఎకరాల కొండపోడు సాగు చేసుకుంటున్నాం. 2020లో మా నాన్నగారి పేరున ఆర్వోఎఫ్ఆర్ పట్టా (అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద ఇచ్చే హక్కు పత్రం) ఇచ్చారు కానీ, అందులో రెండు ఎకరాలే చూపించారు. సర్వే సమయానికి మిగతా రెండు ఎకరాలను నేల కోలుకోవడానికి బీడు వదిలాం. సాగులో లేదని దానిని తీసేశారట. నాన్నగారు నిరుడు కాలం చేశారు. పట్టాలో అమ్మ పేరు లేదు. వాలు మీద మట్టి కొట్టుకుపోకుండా పట్టా భూమిలో రాతి గట్లు వేయిస్తుంటే అటవీ సిబ్బంది అభ్యంతరం చెప్పారు. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఒకాయన నీలగిరి తోట వేస్తానని పదేళ్ల లీజుకు అడుగుతున్నారు. మేం ఏం చేయాలి?

జవాబు: మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైనది బీడు సంగతి కనుక దానితోనే మొదలుపెడతాను. అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి గిరిజన కుటుంబం అనుభవంలో ఉన్న అటవీ భూమిపై, నాలుగు హెక్టార్లకు మించకుండా, సాగు హక్కును గుర్తించాలి. సాగు అంటే ఆ ఏడాది నాగలి కదిలిన నేల మాత్రమే కాదు. 2012లో సవరించిన నిబంధనలలో 12ఎ నిబంధన, పశువులను కట్టుకునే చోటు, పంట నూర్చుకునే కళ్లం, చెట్ల పంటలు, విడతలవారీగా బీడు వదిలే భూమి కూడా స్వయం సాగు కిందికే వస్తాయని స్పష్టంగా చెబుతోంది. సామలు, చోళ్లు, వలిసెలు రెండు మూడేళ్లు వేసి, తరువాత కొండను కొన్నేళ్లు వదిలేయడం మన్యంలో నేలను కాపాడుకునే పద్ధతి. చట్టం దానిని ఆ రూపంలోనే గుర్తించింది. ఉపగ్రహ చిత్రంలో పచ్చని పొదలు కనిపించినంత మాత్రాన సాగు లేదని తేల్చడం కూడా చెల్లదు, ఎందుకంటే అటువంటి చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడుగా పనికివస్తాయే తప్ప వాటి స్థానంలో నిలవవని అదే నిబంధన అంటోంది. కాబట్టి తీసేసిన రెండు ఎకరాల విషయంలో మీ వాదనకు గట్టి ఆధారం ఉంది.

ఇక్కడ గడువు చూసుకోవాలి. గ్రామసభ తీర్మానంపై అభ్యంతరం ఉంటే 60 రోజులలో డివిజన్ స్థాయి కమిటీకి, ఆ కమిటీ నిర్ణయంపై అభ్యంతరం ఉంటే మళ్లీ 60 రోజులలో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. అయితే గ్రామసభ సిఫారసును పై కమిటీ తగ్గించినా తిరస్కరించినా ఆ నిర్ణయాన్ని అర్జీదారుకు స్వయంగా తెలియజేయాలి; గడువు లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. మీ నాన్నగారికి అటువంటి కాగితం అందకపోతే గడువు ఇంకా మొదలే కాలేదని వాదించవచ్చు. కనుక ముందుగా సమాచార హక్కు చట్టం కింద గ్రామసభ తీర్మానం, సర్వే పటం, రెండు కమిటీల నిర్ణయాల నకళ్లు తీసుకోండి. గ్రామసభ నాలుగు ఎకరాలకు సిఫారసు చేసి ఉంటే మీ పని చాలా తేలికవుతుంది.

సాక్ష్యానికి పెద్ద కాగితాలు లేవని దిగులు పడనక్కరలేదు. 13వ నిబంధన చెప్పే ఆధారాలలో ఓటరు కార్డు, రేషన్ కార్డు వంటి వాటితో పాటు ఊరి పెద్దల వాంగ్మూలం, భూమిని చదును చేయడం, గట్లు, చెక్‌డ్యాములు వంటి పనుల ఆనవాళ్లు కూడా ఉన్నాయి. వీటిలో కనీసం రెండు చూపాలి. మీ తాతగారి కాలపు రాతి గట్టు ఆ రెండు ఎకరాలలో ఒక్కటి మిగిలి ఉన్నా దాని ఫొటో తీయించి, హక్కుదారులు కాని పెద్దల చేత రాతపూర్వకంగా చెప్పించండి. కొత్తగా కట్టిన గట్టు 2005 నాటి అనుభవానికి రుజువు కాదని మాత్రం గుర్తుంచుకోండి.

పట్టా ఉన్న రెండు ఎకరాలలో గట్లు వేసుకోవడానికి మీకు అడ్డు లేదు. గుర్తించిన హక్కులకు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి అవసరం లేదని అటవీ హక్కుల చట్టంలోని 4(7) సెక్షన్ చెబుతోంది. పైగా హక్కుదారుల భూమి అభివృద్ధికి ప్రభుత్వ పథకాలు అందించాలని 16వ నిబంధన శాఖలను ఆదేశిస్తోంది. అందువల్ల ఐటీడీఏకు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు) దరఖాస్తు పెట్టి ఆ పనిని పథకం కిందనే చేయించుకోవడం మేలు. అప్పుడు అభ్యంతరాలు వాటంతట అవే తగ్గుతాయి. అయితే నిలిచి ఉన్న చెట్లను కలప కోసం నరికే హక్కు ఈ పట్టా వల్ల రాదు. పట్టా రాని రెండు ఎకరాలలో, హక్కుల పరిశీలన పూర్తయ్యే వరకు మిమ్మల్ని ఖాళీ చేయించడానికి 4(5) సెక్షన్ ఒప్పుకోదు. అయినా అక్కడ ఇప్పుడే కొత్త పనులు మొదలుపెట్టి, హద్దు పెంచారన్న కేసుకు తావివ్వకండి.

వారసత్వం సంగతి. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. వివాహితులకు భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలని 4(4) సెక్షన్ నిర్దేశిస్తోంది కనుక, మీ అమ్మగారి పేరు లేకపోవడం అధికారులు సరిదిద్దవలసిన లోపమే తప్ప ఆమె హక్కు లేకపోవడం కాదు. సవరణ కోరుతూ జిల్లా స్థాయి కమిటీకి ఆమె చేతనే అర్జీ పెట్టించండి. అక్కచెల్లెళ్లు ఉంటే వారిని పక్కన పెట్టవద్దు. హిందూ వారసత్వ చట్టం నేరుగా గిరిజనులకు వర్తించకపోయినా, గిరిజన స్త్రీకి పూర్వీకుల ఆస్తిలో సమాన వాటాను సమర్థిస్తూ సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది.

లీజుకు మాత్రం ఒప్పుకోవద్దు. ఆర్వోఎఫ్ఆర్ హక్కు అన్యాక్రాంతం చేయడానికి వీలులేనిది. పైగా మీది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, అంటే మీరంతా చెప్పుకునే 1/70 చట్టం, గిరిజనేతరులకు జరిగే బదలాయింపును చెల్లనిదిగా ప్రకటిస్తుంది. బదలాయింపు అన్న మాటలో అమ్మకం, తనఖాతో పాటు లీజు కూడా ఉంది. తెల్ల కాగితం మీద రాసుకున్నా, మీ బంధువు పేరు ముందు పెట్టినా ఫలితం మారదు. డబ్బు తీసుకున్నాక తగాదా వస్తే కష్టపడేది మీరే.

జిల్లా స్థాయి కమిటీ నిర్ణయం చట్టరీత్యా అంతిమం. అక్కడ కూడా కారణాలు చెప్పకుండా తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కాబట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుంటే న్యాయవాదిని వారే ఏర్పాటు చేస్తారు.