చీకట్లో 60 అడుగుల ఎత్తు

ప్రశ్న: 1943లో జర్మనీ ఆనకట్టలపై దాడి చేసిన బ్రిటిష్ బాంబర్లు రాత్రివేళ నీటికి 60 అడుగుల ఎత్తునే ఎగిరాయంటారు. ఆ ఎత్తును చీకట్లో ఎలా కొలిచారు?

జవాబు: లాంకాస్టర్ విమానం అడుగున రెండు దీపాలను, సరిగ్గా 60 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు వాటి వెలుగు వలయాలు నీటిపై ఒకదానినొకటి తాకేలా వంచి అమర్చారు; నావిగేటర్ వాటిని కనిపెడుతూ చెబుతుంటే పైలట్ ఎత్తు సరిచేసుకునేవాడు. (శత్రువుల ఫిరంగులకూ ఆ దీపాలే గురి చూపించాయనుకోండి!) బ్రిటిష్ ఇంజనీరు బార్న్స్ వాలిస్ రూపొందించిన పీపా ఆకారపు బాంబు నిమిషానికి సుమారు 500 సార్లు వెనుకవైపుకు గిర్రున తిరుగుతూ, నీటిపై గెంతుతూ వెళ్లి, ఆనకట్ట గోడ పక్కన మునిగాక పేలాలంటే ఆ ఎత్తు తప్పకూడదు. మే 16 రాత్రి గై గిబ్సన్ నాయకత్వంలో బయలుదేరిన 19 విమానాల్లో 8 తిరిగి రాలేదు, 53 మంది వైమానికులు మరణించారు. మోనే, ఎడెర్ ఆనకట్టలు తెగాయి. ఆ వరదలో ప్రాణాలు కోల్పోయిన వందలాది విదేశీ నిర్బంధ కూలీల ప్రస్తావన మాత్రం ఈ సాహసగాథల్లో అరుదు.