మసకబారిన హెడ్‌లైట్లు: ఇంట్లో చేసుకోవాలా, షాపుకివ్వాలా?

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. లైట్లు మార్చేయాల్సినంత పాడవలేదు, కంగారు పడకు. కానీ ఆ వెలుతురుతో రాత్రిపూట అరకు ఘాట్ మాత్రం ఎక్కొద్దురా.

ఇప్పటి హెడ్‌లైట్ల పైభాగం గాజు కాదు, పాలీకార్బనేట్ ప్లాస్టిక్. ఎండ తట్టుకోవడానికి కంపెనీలోనే దానిమీద పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకి ఆ పూత పోయి, ప్లాస్టిక్ పచ్చబడుతుంది. మన విశాఖలో రోజంతా ఆరుబయట ఉండే బండికి ఈ బెడద తప్పదు.

ముందు తడిగుడ్డతో తుడిచి చూడు. తడి ఉన్నంతసేపూ తేటగా కనబడి, ఆరగానే మళ్లీ మసకేస్తే పాడంతా పైపైనే ఉన్నట్టు. అది ఇంట్లో అయ్యే పనే. లోపలివైపు చెమ్మ పట్టినా, పగుళ్లు లోతుగా ఉన్నా ఎంత రుద్దినా లాభం లేదు, మెకానిక్‌కి చూపించాల్సిందే.

ఇంట్లో అయితే నీడలో, బండి చల్లారాక మొదలుపెట్టు. లైటు చుట్టూ మాస్కింగ్ టేప్ రెండు వరసలు వెయ్యి, లేకపోతే బానెట్ పెయింట్ గీసుకుపోతుంది. 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లు, అదే నీళ్లతో రుద్దే గరుకు కాగితాలు, నానబెట్టుకుని, నీళ్లు చల్లుతూ వరసగా రుద్దు. మొదట పసుపు నీళ్లు కారతాయి. అవి తెల్లబడేదాకా పేపర్ మార్చకు. ఒకసారి అడ్డంగా రుద్దితే తర్వాతి పేపర్ నిలువుగా రుద్దు, పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. లైటంతా పాలరంగులోకి వస్తే హడలిపోకు, అలాగే రావాలి.

ఇక అసలు పని యూవీ క్లియర్ కోట్, అంటే ఎండ నుంచి కాపాడే రంగులేని పూత. కడిగి, పూర్తిగా ఆరాక, బానెట్ మీద పేపర్లు కప్పి, ముక్కుకి మాస్క్ పెట్టుకుని పలచగా స్ప్రే చెయ్యి. ఇందాక తడిగుడ్డతో తుడిచినప్పుడు నీళ్లు చేసినట్టే ఈ పూత కూడా సన్నగీతల్ని నింపి తేట చేస్తుంది. ముసురు పట్టిన రోజు వద్దు, గాలిలో చెమ్మకి తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. పూత వేసే ఓపిక లేకపోతే అసలు రుద్దనే వద్దు. మిగిలిన కాస్త కంపెనీ పూత కూడా పోయి, కొన్ని నెలలకే మళ్లీ పచ్చబడుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా సంగతీ అంతే, మెరుపే తప్ప రక్షణ లేదు.

షాపుకిస్తే ఒక్కటే అడుగు: "రుద్దాక ఏం పూత వేస్తారు?" పాలిష్, వ్యాక్స్ అంటే వచ్చెయ్. యూవీ కోటు వేసి, గ్యారంటీ రాసిచ్చేవాళ్లయితే నిశ్చింతగా డబ్బివ్వు. నీళ్లు, నీడ లేని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అవస్థపడేకంటే అదే నయం.

మా ఇంట్లో షెడ్డూ, కుళాయీ ఉన్నాయి. వాన లేని ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, ఇద్దరం కలిసి చేద్దాం. పేపర్లు, టేప్ నా దగ్గరున్నాయి, స్ప్రే డబ్బా ఒక్కటే తెచ్చుకో.

ఇట్లు,
మావయ్య