కొత్త ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోస్ ఎక్కించాలంటే 10 మేలా, 11 హోమా, ప్రోనా?

చెల్లెలి ఇంజనీరింగ్ చదువుకి కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వచ్చిందని, కంపెనీవాళ్లు నింపి ఇచ్చిన అనవసరమైన సాఫ్ట్‌వేర్లన్నీ పోయేలా ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కిద్దామనుకుంటున్నామని, ఏ విండోస్ వేయాలని ఒకరు అడిగారు. స్నేహితులు 10 వేయమంటున్నారు, షాపతను ప్రో వేసిస్తానంటున్నాడు. నన్నడిగితే రెండూ వద్దు. ల్యాప్‌టాప్‌తో ఏది వచ్చిందో అదే వేసుకోండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది వస్తాయి, అంతే. నాలుగేళ్ల చదువుకి అది చాలదు. పైగా ఇంటెల్ 12వ తరం నుంచి చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలుంటాయి. ఏ పని దేనికివ్వాలో 10 కంటే 11 బాగా చూసుకుంటుంది. పాత ల్యాప్‌టాప్ అయితే 10 తేలిగ్గా నడుస్తుందన్న మాటలో కొంత నిజముంది కానీ, మీది కొత్తది కదా.

ఇక ప్రో. కోడింగ్‌కి ప్రో ఉండాలని చాలామంది అంటారు. అది నిజం కాదు. విండోస్‌లోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్, దాని మీద ప్రోగ్రాములను విడివిడి కంటైనర్లలో నడిపే డాకర్, హోమ్‌లోనూ నడుస్తాయి. హైపర్-వి (వర్చువల్ కంప్యూటర్లు నడిపేది), గ్రూప్ పాలసీ (సిస్టమ్ నియమాలు పెట్టేది), బయటినుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఈ ల్యాప్‌టాప్‌లోకి రావడం లాంటివి నిజంగా అవసరమైతేనే ప్రో. మీరు డబ్బు కట్టి కొన్న హోమ్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ అనే ప్రోగ్రామ్ దించి, దాంతో విండోస్ ఎక్కించే 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని మొదలుపెడితే, సెటప్ ఆ కీని చదివి ఏ ఎడిషన్ అని అడగకుండానే హోమ్ సింగిల్ లాంగ్వేజ్ వేసేస్తుంది. నెట్ రాగానే యాక్టివేట్ అవుతుంది. చేతిలో ఉన్న అసలు లైసెన్స్ వదిలేసి, షాపులో ఏదో క్రాక్‌తో నడిపించే ప్రో ఎందుకు? సింగిల్ లాంగ్వేజ్ అంటే తెలుగు టైప్ చేయలేమేమో అన్న భయం కూడా వద్దు. మెనూల భాష మార్చుకోలేం కానీ, సెట్టింగ్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకోవచ్చు.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఇలాగే ఎక్కిస్తుంటే, విండోస్ ఎక్కడ వేయాలో అడిగే చోట డిస్కుల జాబితా ఖాళీగా కనిపించింది. ఎస్ఎస్‌డీ పాడైందేమోనని వాడికి ఒకటే టెన్షన్. విషయమేమిటంటే, ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. దాని డ్రైవర్ (దాన్ని విండోస్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) లేకపోతే సెటప్‌కి డిస్కు కనపడదు. ఇంకో కంప్యూటర్లో ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ తెరిచి, మా మోడల్ పేజీలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేశాం. అదే స్క్రీన్ మీద 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించగానే 512 జీబీ డిస్కు ప్రత్యక్షమైంది. ల్యాప్‌టాప్ మూల సెట్టింగ్‌లుండే బయోస్‌లోకెళ్లి వీఎండీ ఆపేయమని చెప్పేవాళ్లుంటారు, నేనైతే దాని జోలికి పోను. డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే సరిపోతుంది. వైఫై డ్రైవర్ కూడా అందులోనే వేసుకోండి. 11 హోమ్ సెటప్ నెట్ లేకుండా ముందుకు సాగనివ్వదు. వైఫై పట్టకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

విండోస్ 11లో వెర్షన్ల పేర్లు 23హెచ్2, 24హెచ్2 అంటూ తికమక పడాల్సిన పని లేదు. మీడియా క్రియేషన్ టూల్ ఇచ్చే తాజా వెర్షనే వేయండి. హోమ్‌కి ఒక్కో వెర్షన్ మీద 24 నెలలే అప్‌డేట్లు ఇస్తారు, 23హెచ్2 గడువు 2025 నవంబర్‌లోనే అయిపోయింది.

ఫార్మాట్ చేసే ముందు ఒక్క పని మాత్రం మర్చిపోవద్దు. ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ ఇచ్చి ఉంటే, ఇప్పుడున్న విండోస్‌లోనే వర్డ్ తెరిచి, చెల్లి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి యాక్టివేట్ చేయించండి. అలా చేస్తే ఆ లైసెన్స్ ఆమె అకౌంట్‌కి చేరుతుంది, తర్వాత అదే అకౌంట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు.