ఎక్స్‌రేలో అరుగుదల కొంచెమే, మరి నొప్పి అంత ఎందుకు?

మీ అమ్మగారి మోకాలు కొద్దిగానే అరిగిందన్నారు. అయినా ఆవిడ దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. డాక్టరేమో "ఇదంతా మెదడు వల్ల" అనేసరికి, నటిస్తున్నానంటున్నారా అని ఏడ్చారని రాశారు. ఆయన చెప్పింది తప్పు కాదండీ, చెప్పిన తీరే బాగాలేదు. నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం.

మోకాలి నుంచి పైకి వెళ్లేది నొప్పి కాదు, హెచ్చరిక. దాన్ని ఎంత నొప్పిగా లెక్కగట్టాలో తేల్చేది మెదడు. ఆ హెచ్చరికలను ఎంతవరకు పైకి వదలాలో చూసే గేటు లాంటిది వెన్నుపాములో ఉంటుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట రుద్దుకుంటే ఆ స్పర్శ గేటును కాస్త మూస్తుందట, హాయిగా ఉండేది అందుకే. నెలల తరబడి హెచ్చరికలు వస్తూనే ఉంటే వెన్నుపాములోని నరాల కణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. వాల్యూమ్ పెంచి వదిలేసిన మైకు ముందు గుసగుసలాడినా అరుపే కదా! దెబ్బ తర్వాత వెన్నుపాము ఇలా అతిగా స్పందిస్తుందని 1983లో క్లిఫర్డ్ ఊల్ఫ్ అనే పరిశోధకుడు ఎలుకల్లో చూపించారు. పైగా నొప్పిని అణచడానికి మెదడు కిందికి పంపే సంకేతాలూ బలహీనపడతాయి. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా ఇంకా ఎక్కువవుతుంది.

నొప్పి పెరిగిందంటే మోకాలు ఇంకా అరిగిందనే కాదు, అందుకే నడక పూర్తిగా మాన్పించకండి. పది నిమిషాలతో మొదలుపెట్టండి. కాస్త నొప్పి పెరిగినా మర్నాటికి సర్దుకుంటే భయం లేదు. డాక్టర్ డులోక్సెటిన్ రాస్తే "డిప్రెషన్ మందు మాకెందుకు" అని ఆపేయకండి, మోకాళ్ల నొప్పికీ వాడతారు. మోకాలు ఒక్కసారిగా వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.